తోడేలు మనిషి మన మంద దగ్గరికి వస్తే

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది అనంతపురం దగ్గర ఒక పల్లె. టౌనులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా ఫోన్లో ఇంగ్లీషులో తోడేలు మనుషుల ప్రేమకథలు చదువుతున్నాను. పౌర్ణమి రాత్రి తోడేలుగా మారే అబ్బాయి, అతని గుంపు, అతనికోసమే పుట్టిన అమ్మాయి, ఇవంటే నాకు ప్రాణం. అలాంటిదే తెలుగులో ఒక నవల మొదలుపెట్టి ఆరు అధ్యాయాలు రాశాను. మొదట హీరో పేరు రయాన్ అని, ఊరు మంచు కురిసే ఊరని పెట్టాను. తర్వాత హీరోను రుద్ర అనీ, హీరోయిన్‌ను వెన్నెల అనీ, ఊరిని అనంతపురం అనీ మార్చాను. హాస్టల్లో చదివి వినిపిస్తే అందరూ పడీ పడీ నవ్వారు. ‘అనంతపురంలో తోడేలేందిమే, ప్రేమేందిమే’ అన్నారు. మా పిన్ని నవ్వలేదు గానీ, ‘అమ్మాయిని వాసన పట్టి వెంటపడేవాడు హీరో ఎట్లయితాడు?’ అని అడిగింది. అమ్మేమో పరీక్షలయ్యేదాకా నోటుబుక్కును బీరువాలో పెట్టి తాళం వేస్తానంటోంది. ఇలాంటి కథ తెలుగులో కుదరదా? కుదిరితే ఎక్కడ సరిచేసుకోవాలి? ఆరు అధ్యాయాల ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: అమ్మాయీ, ఆరు అధ్యాయాలూ చదివాను. నీ అక్షరాలు ఫోటోల్లో కొంత అలుక్కుపోయినా వదలకుండా చదివించావు కాబట్టి, రాయడం నీకు వచ్చునా రాదా అన్న అనుమానం నాకు లేదు. నీ స్నేహితురాళ్ల నవ్వుకు కారణం ఉంది, కానీ అది నువ్వు అనుకుంటున్న కారణం కాదు. కథ తెలుగులో ఉన్నందుకు వాళ్లు నవ్వలేదు. మూడో అధ్యాయంలో రుద్ర గుర్రమంత ఎత్తున, వెండిరంగు జూలుతో, పైన్ చెట్ల నడుమ మంచును చీల్చుకుంటూ బయటికి వస్తాడు; రెండు పేరాల తరువాత అదే రుద్ర బస్టాండులో కళ్యాణదుర్గం బస్సు కోసం నిలబడి ఉంటాడు. మనుషుల పేర్లు మార్చావు, ఊరి పేరు మార్చావు, తోడేలును మాత్రం కెనడాలోనే వదిలేసి వచ్చావు. నవ్వు అక్కడ పుట్టింది.

‘అనంతపురంలో తోడేలేంది’ అన్న పిల్లలకు ముందు ఒక సంగతి చెప్పు. తోడేలు మన ప్రాంతానికి కొత్త కాదు. కోస్తా పిల్లలు అలా అడిగితే అర్థం ఉంది గానీ మన పిల్లలు అడగకూడదు. భారతీయ తోడేలు దట్టమైన అడవిలో ఉండే జంతువు కాదు. మన రాతిగుట్టలు, ముళ్లపొదలు, గడ్డి బీళ్లు, పంట తీసిన శెనక్కాయ చేలు, వీటి మధ్యనే అది బతుకుతుంది. బట్టమేకపిట్ట కోసం 1988లో ఏర్పాటు చేసిన రోళ్లపాడు అభయారణ్యం పాత కర్నూలు జిల్లాలోనే, నందికొట్కూరు దగ్గరే ఉంది. అక్కడి గడ్డిమైదానంలో కృష్ణజింకలతో పాటు తోడేళ్లూ తిరిగేవి. దేశం మొత్తం మీద రెండు మూడు వేలకు మించి లేవని అంచనా వేసే ఈ జంతువుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చోటిచ్చారు. పులికి ఎంత రక్షణ ఉందో దానికీ అంతే ఉంది. నీ ఐదో అధ్యాయంలో రుద్ర ఒక జింకను వేటాడి తింటాడు కదా, మన దగ్గర అది కృష్ణజింకే అవుతుంది, అది మన రాష్ట్ర జంతువు. మనిషి రూపంలో ఉండగా దొరికితే అటవీ శాఖ వాళ్లు కేసు పెడతారు, తోడేలు రూపంలో దొరికితే కాపాడతారు. ఈ తమాషాను నువ్వు వాడుకుంటావో లేదో నీ ఇష్టం.

ఇక మన తోడేలు ఎలా ఉంటుందో చూడు. బరువు 17 నుంచి 25 కిలోల మధ్య ఉంటుంది. బొచ్చు పలచన, రంగు మన మట్టి రంగు, కాళ్లు సన్నగా పొడుగ్గా ఉంటాయి. మంచుదేశపు తోడేలు దీనికి రెండింతలకు పైగా తూగుతుంది. దూరం నుంచి చూస్తే పల్లెల్లో కాపలాకు పెంచుకునే కుక్కకూ దానికీ పెద్ద తేడా తెలియదు. నువ్వు దీన్ని లోపంగా తీసుకుని గుర్రమంత తోడేలును తెచ్చి పెట్టావు. నాకైతే ఇది దొరికిన నిధిలా కనబడుతోంది. రుద్ర తోడేలుగా మారి టవర్ క్లాక్ దగ్గర నడిచిపోతే ఎవరూ కేకలు వేయరు, ఎవరూ స్పృహ తప్పరు. బక్కచిక్కిన ఊరకుక్క అనుకుని ‘ఛీ, పో’ అంటారు. బజ్జీల బండి దగ్గర పిల్లవాడు రాయి విసురుతాడు. మనుషులు పోల్చుకోలేని ఆ జంతువును వీధికుక్కలు మాత్రం పోల్చుకుని, తోకలు ముడిచి, వీధి చివరిదాకా మొరుగుతూనే ఉంటాయి. వెన్నెల ఆ సంగతి ఎలా కనిపెట్టిందో చెప్పడానికి నీకు ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు: ఆ అబ్బాయి మనిషిగా హాస్టల్ గేటు ముందు నుంచి పోయినప్పుడు కూడా, వాచ్‌మన్ పెంచే కుక్క బల్ల కిందికి దూరుతుంది.

మంచు అడవిలో తోడేలు రాజు, అతనికి ఎవరూ లెక్క లేదు. మన దగ్గర అది గొర్రెపిల్లను ఎత్తుకుపోయే జంతువు, పైగా అది ఎత్తుకుపోయేది ఊళ్లో అందరికన్నా తక్కువ ఉన్నవాడి ఇంటినుంచి. కథకు అసలు బలం ఇక్కడ ఉంది కాబట్టి నేను ఇక్కడే కాసేపు నిలబడతాను.

మా తాతగారిది పత్తికొండ వైపు పల్లె. ఎండాకాలంలో చేలల్లో గొర్రెలమందలు ఆపించేవారు. మంద నాలుగు రాత్రులు పడుకుంటే ఆ చేనుకు ఎరువు, గొర్రెలకాపరికి గింజలో డబ్బులో. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక తెల్లవారుజామున మా చేలో గోల వినిపించి తాతతో పాటు నేనూ పోయాను. ముళ్లకంప ఒకచోట పక్కకు జరిగి ఉంది. కాపరి కంబళి కప్పుకుని, చేతికర్రతో దుమ్ములో అడుగులు చూపిస్తున్నాడు. కుక్క అడుగులు అటూ ఇటూ వాసన చూస్తూ వంకరటింకరగా పోతాయట, తోడేలు అడుగులు మాత్రం దారం పట్టినట్టు ఒకే వరుసలో పోతాయట. ఆ వరుస చేను దాటి, వంక దాటి గుట్ట మీదికి పోయింది. తాత ‘దాని బొరియ దొరికితే పొగ పెట్టించరాదా’ అన్నాడు. కాపరి భార్య గొర్రె తల్లిని పట్టుకుని కూర్చుని ఉంది. అది అరుస్తూనే ఉంది. ఆమె తల ఎత్తకుండానే ‘దానికీ పిల్లలుండాయి సామీ’ అంది. కొంచెం సేపు ఆగి, ‘నాకూ ఉండాయి’ అంది.

నీ నవలకు ఈ రెండు మాటలు చాలు. వెన్నెల నాన్నను నువ్వు బ్యాంకు మేనేజరుగా పెట్టావు. ఎందుకు పెట్టావో నాకు తెలుసు, నువ్వు చదివిన కథల్లో హీరోయిన్ ఇంట్లో ఎవరికీ గొర్రెలు లేవు. ఆయన్ను గొర్రెలకాపరిని చేసి చూడు. ఒక గొర్రెపిల్ల పోతే ఆ ఇంట్లో వెన్నెల హాస్టల్ ఫీజు ఆలస్యమవుతుంది. రుద్ర ఆకలి తీరిన రాత్రి వెన్నెల ఇంట్లో ఎవరో లెక్కలు వేసుకుంటూ మేలుకుని ఉంటారు. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు, తోడేలుగా ఉన్నప్పుడు చేసినవేవీ తెల్లవారితే అతనికి గుర్తుండకపోనూవచ్చు, అయినా లెక్క లెక్కే. అతను ఆ బాకీ ఎలా తీరుస్తాడన్నది నవల మొత్తం నడిపించగల ప్రశ్న.

ఇదంతా నేను కొత్తగా కల్పించి చెబుతున్నానని అనుకోవద్దు. యూరప్‌లోని పాత తోడేలు మనిషి కథల్లో ఒకటి కూడా గొర్రెలదొడ్డి దగ్గరే నడుస్తుంది. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత పెట్రోనియస్ రాసిన ఒక కథలో, పట్టపగల్లా వెన్నెల కాస్తున్న రాత్రి ఒక సైనికుడు బట్టలు విప్పి తోడేలుగా మారిపోతాడు. అతనితో వచ్చిన బానిస భయపడి పరుగెత్తి తన ప్రియురాలి ఇంటికి చేరేసరికి, అక్కడ ఒక తోడేలు దొడ్డిలోని గొర్రెలను నెత్తురు కార్పించి పోయిందనీ, పోతూ పోతూ మెడ మీద ఈటె పోటు తిన్నదనీ చెబుతారు. తెల్లవారి చూస్తే ఆ సైనికుడు మంచం మీద పడి ఉంటాడు, వైద్యుడు అతని మెడకు కట్టు కడుతూ ఉంటాడు. తోడేలుకు తగిలిన దెబ్బ మనిషి ఒంటి మీద కనబడటం అన్న ఎత్తు దాదాపు 2,000 ఏళ్లుగా పని చేస్తూనే ఉంది. వెన్నెల నాన్న చీకట్లో విసిరిన కొడవలి, సోమవారం కెమిస్ట్రీ క్లాసులో రుద్ర ఎడమ భుజానికి ఉన్న కట్టు, వీటిని నువ్వు పక్కపక్కన పెట్టగలిగితే ఒక్క వాక్యం కూడా వివరణ రాయనక్కర్లేదు.

ఆ తరువాత యూరప్‌లో ఈ కథ చాలా చీకటి దారులు పట్టింది. 1589లో జర్మనీలోని బెడ్‌బుర్గ్ దగ్గర పేటర్ ష్టుంప్ అనే రైతును తోడేలు మనిషి అని విచారించి ఘోరంగా చంపారు. 1764 నుంచి 1767 వరకు ఫ్రాన్స్‌లోని గెవోడాన్ ప్రాంతంలో ఏదో మృగం పశువుల కాపరులను, ఎక్కువగా ఆడవాళ్లను, పిల్లలను చంపుతూ పోతే రాజు సైన్యాన్నే పంపవలసి వచ్చింది. ప్రేమకథగా మారింది మాత్రం మొన్న మొన్ననే. నీ నవలకు ఈ చరిత్ర అక్కర్లేదు, కానీ నీకు తెలిసి ఉంటే మంచిది. ఎందుకంటే నువ్వు నియమాలనుకుంటున్నవి నిజానికి నియమాలు కావు.

ప్రతి పౌర్ణమికీ తప్పనిసరిగా మారడం, వెండి తూటాకు చావడం, కరిస్తే అంటుకోవడం, ఇవన్నీ ఆది నుంచీ ఉన్న కట్టుబాట్లని నువ్వు అనుకుంటున్నావు. ఆ విచారణల్లో చాలావాటిలో చంద్రుడి ఊసే ఉండదు, దయ్యం ఇచ్చిన మొలతాడో ఒంటికి పూసుకునే లేపనమో ఉంటుంది. ఇప్పుడు అందరూ చెప్పుకునే పద్ధతి ఎక్కువగా 1940లలోని హాలీవుడ్ సినిమాల వల్ల స్థిరపడింది. కాబట్టి నీకు నచ్చితే ఉంచుకో, నచ్చకపోతే తీసెయ్, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఉంచుకుంటే మాత్రం చంద్రుణ్ని సరిగ్గా ఉంచు. నాలుగో అధ్యాయంలో పౌర్ణమి నాడు అర్ధరాత్రి దాకా చీకటిగా ఉండి అప్పుడు చంద్రుడు ఉదయిస్తాడు. పౌర్ణమి చంద్రుడు పడమట పొద్దు కుంకుతున్న వేళకే తూర్పున పైకి వస్తాడు, తెల్లవారేదాకా ఉంటాడు. నీ హీరోకు అర్ధరాత్రి దాకా గడువు దొరకదు, సాయంత్రం స్టడీ అవర్ మొదలయ్యేలోపే ఎక్కడికో పోవాలి. వార్డెన్ హాజరు తీసుకునేటప్పుడు అతని పడక ఖాళీగా ఉండాలి. చూడు, తప్పు దిద్దుకుంటే కథ ఎంత బిగిసిందో. ఆరో అధ్యాయంలో పది రోజులకే మళ్లీ పౌర్ణమి వచ్చింది. పౌర్ణమికీ పౌర్ణమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు ఉంటాయి. మీ ఇంట్లో గోడకు పంచాంగం క్యాలెండరు ఉంటుంది కదా, దాన్ని ముందు పెట్టుకుని రాయి. అందులో నీకు ఇంగ్లీషు కథల్లో దొరకనివి దొరుకుతాయి. కార్తీక పౌర్ణమి నాడు ఊరంతా గుడి దగ్గర దీపాలు పెడుతుంటే, వెన్నెల ఎంత పిలిచినా రుద్ర ఎందుకు రాడు? 32, 33 నెలలకు ఒకసారి అధికమాసం వచ్చి ఏడాదికి పదమూడో పౌర్ణమి తగిలితే, పన్నెండే అని లెక్క పెట్టుకున్న అతని తల్లి ఏం చేస్తుంది? 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది కదా, అటువంటి రాత్రి, చంద్రుడు మరుగుపడిన ఆ దాదాపు గంటన్నర కాలంలో అతను ఏ రూపంలో ఉంటాడు?

ఇంకో మాట, ఇది నా ఆశ మాత్రమే. మనవాళ్లకు వెన్నెల అంటే భయం లేదు. పౌర్ణమి అంటే వ్రతం, గుడి, ఆరుబయట భోజనం. మన పల్లెల్లో ‘ఈ పొద్దు ప్రయాణం వద్దు’ అనిపించేది అమావాస్య. నీ తోడేలు అమావాస్యకు మారితే ఎలా ఉంటుంది? కరెంటు పోయిన గుట్టల కింద వెలుతురు అంటూ ఉంటే ఉరవకొండ వైపు గాలిమరల మీద ఆరుతూ వెలిగే ఎర్ర దీపాలే. ఇక ఆ అమ్మాయికి పేరైన వెన్నెలే కనబడకుండా పోయే రాత్రి అతను మృగం అవుతాడు. పేరు నువ్వే పెట్టావు, దానితో పని చేయించుకోవడం మరిచిపోయావు.

కాటు సంగతి. రెండో అధ్యాయంలో అతని పన్ను వెన్నెల చేతికి గీసుకుంటుంది, ఆమె కర్చీఫ్ కట్టుకుని, కలలు కంటూ నిద్రపోతుంది. అనంతపురంలో ఏ తల్లి నిద్రపోనిస్తుంది? సబ్బుతో పావుగంట కడిగించి, ఆటో ఎక్కించి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోతుంది. అక్కడ వరుసలో నిలబడితే చీటీ రాసే ఆయన తలెత్తకుండా ‘పెంచుకున్నదా, వీధిదా?’ అని అడుగుతాడు. వెన్నెల ఏం జవాబు చెబుతుందో నాకు చాలా కుతూహలంగా ఉంది. ఆ రోజు ఒక సూది, తరువాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు మళ్లీ సూదులు. పౌర్ణమి రాత్రి గీసుకుంటే 28వ రోజు తరువాత వచ్చేది తరువాతి పౌర్ణమే కాబట్టి, ఆసుపత్రి చీటీయే నీ కథకు క్యాలెండరు అవుతుంది. దయచేసి సూదులు మాన్పించి ప్రేమను గెలిపించకు. నీ పాఠకుల్లో నిజంగా కుక్క కరిచిన పిల్లలు ఉంటారు.

ఇక మన సంప్రదాయంలో ఇటువంటివి లేవని ఎవరైనా అంటే నమ్మకు. రూపం మార్చుకోవడం మనకు కొత్త కాదు. కోరిన రూపం ధరించేవాళ్లను కామరూపులనడం అందుకే. మారీచుడు బంగారు లేడి అయ్యాడు. కిందముడనే ముని లేడి రూపంలో భార్యతో ఉండగా పాండురాజు బాణం వేసి శాపం తెచ్చుకున్నాడు. మహాభారత కథ సగం ఆ దెబ్బ నుంచే కదిలింది. అయితే నీకు అన్నిటికన్నా దగ్గరది అహోబిలం. 2022లో నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మనకది కర్నూలు అహోబిలమే. హిరణ్యకశిపుణ్ని చంపిన తరువాత కోపం చల్లారక నల్లమలలో తిరుగుతున్న నరసింహస్వామిని చెంచు పిల్ల చెంచులక్ష్మి మనసు మళ్లించి పెళ్లాడింది. ఇప్పటికీ చెంచులు స్వామిని తమ అల్లుడనే అంటారు. సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేటలో స్వామి 40 రోజులకు పైగా పల్లకీలో చుట్టుపక్కల పల్లెలు తిరుగుతాడు, పెళ్లికి పిలుచుకోవడానికే వస్తాడని జనం చెప్పుకుంటారు, చెంచులు పల్లకీ వైపు బాణాలు వేస్తారు. సగం మృగమైన వరుణ్ని ప్రేమించిన అమ్మాయి కథను మన పక్క జిల్లా వాళ్లు ఏటేటా పండుగగా చేసుకుంటుంటే, ‘ప్రేమేందిమే’ అని నవ్వడం న్యాయమా? దేవుణ్ని తెచ్చి నీ నవలలో పాత్రగా పెట్టమని నేను అనడం లేదు, అది వద్దు. ఆ కథ ఎలా నడిచిందో మాత్రం గమనించు. జానపదులు చెప్పేదాంట్లో చెంచు పెద్దలు పిల్లను ఊరికే ఇవ్వలేదు. తేనె తీయడం, దుంపలు తవ్వడం వచ్చునా అని పరీక్షలు పెట్టారు. ఎంత పెద్దవాడైనా అమ్మాయి ఇంటి పని నేర్చుకుని అల్లుడయ్యాడు.

మీ పిన్ని ప్రశ్నకు వస్తే, ఆమె సరిగ్గా ముల్లు ఉన్నచోటే వేలు పెట్టింది. రుద్ర మూడుచోట్ల ‘నువ్వు నా మేట్‌వి’, అంటే నాకోసమే రాసిపెట్టిన జోడీవి అంటాడు, రెండుచోట్ల చెయ్యి పట్టుకుని లాగుతాడు, ఒకచోట ఆమెతో మాట్లాడినందుకు క్లాసు అబ్బాయిని గోడకు అదిమిపెడతాడు. ఇదంతా ‘అతను ఆల్ఫా కాబట్టి’, అంటే గుంపుకు నాయకుడు కాబట్టి అని నువ్వే సమర్థించావు. ఆల్ఫా అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో విను. 1947లో షెంకెల్ అనే శాస్త్రవేత్త బాసెల్ జంతుప్రదర్శనశాలలో ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను ఒకే ఆవరణలో ఉంచినప్పుడు అవి పోట్లాడుకోవడం చూసి పెత్తనం గురించి రాశాడు. 1970లో తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ రాసిన పుస్తకం దాన్ని ప్రపంచమంతా పాకించింది. తరువాత ఆ మీచే ఎన్నో వేసవులు కెనడా ఉత్తరపు కొసన ఒక దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను గమనించి, గుంపు అంటే అమ్మ, నాన్న, వాళ్ల పిల్లలు తప్ప మరేమీ కాదని, ఆల్ఫా అన్న మాట తగదని 1999లో రాశాడు. తన పాత పుస్తకాన్ని ఇక అచ్చు వేయవద్దని ప్రచురణకర్తలను అడుగుతూ వచ్చాడు. నిజం తోడేలు మగది చేసే ఘనకార్యం ఏమిటంటే, మైళ్ల దూరం నుంచి మాంసం కడుపులో మోసుకొచ్చి, పిల్లల ముందు కక్కి పెట్టడం. ప్రేమకథలో రాయడానికి అంత బాగుండదు, ఒప్పుకుంటాను. అయినా గోడకు అదిమిపెట్టడం కంటే నాకు అదే ముచ్చటగా ఉంది.

మేట్ అన్న మాట మీద కూడా నాకు పేచీ ఉంది. మొదటి అధ్యాయంలో వెన్నెలకు మేనమామ కొడుకుతో సంబంధం అనుకుంటున్నారని తెలిసి ఆమె అన్నం మానేస్తుంది. చాలా బాగా రాశావు, కంచంలో పప్పు ఎండిపోయి పెచ్చు కట్టడం నాకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. మూడు అధ్యాయాల తరువాత అదే అమ్మాయి, చంద్రుడు కుదిర్చిన సంబంధానికి కిక్కురుమనకుండా తల ఊపుతుంది. మేనమామ అడగకుండా కుదిరిస్తే తప్పయినది, చంద్రుడు అడగకుండా కుదిరిస్తే ఒప్పు ఎలా అయింది? బావ ‘నువ్వు నాదానివి’ అన్నప్పుడు ఆమెకు ఒళ్లు మండింది కదా, రుద్ర అన్నప్పుడు కూడా కాస్త మండనివ్వు. వద్దన్నా అమ్మాయి వెంట పడటం 2013 నుంచి మన దేశంలో నేరం. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. నువ్వు నవలలో సెక్షన్లు రాయనక్కర్లేదు, వెన్నెలను ‘నీకు ఇష్టమేనా’ అని ఎవరో ఒకరు అడిగితే చాలు. ఇద్దరికీ పదిహేడేళ్లే కాబట్టి శారీరకమైన దగ్గరితనాన్ని చేతులు తాకడం దగ్గరే ఆపు. నువ్వు ఇప్పటికే అలా ఆపావు, చదివినవాటిని చూసి మార్చుకోవద్దు.

వాసన సంగతి మాత్రం తీసేయవద్దు. తోడేలుకు ముక్కే కళ్లు, ఆ అబ్బాయి వాసన పట్టకపోతే ఇంకేం తోడేలు? నువ్వు రాసినది ఇది: ‘అతను ఆమె మణికట్టు పట్టుకుని, నీ పరిమళం నన్ను పిచ్చివాణ్ని చేస్తోంది, నువ్వు నాదానివి అన్నాడు.’ పరిమళం అంటే ఏ పరిమళం? ఆ హాస్టల్లో ఆమె దగ్గర ఉండేవి కొబ్బరినూనె, బట్టల సబ్బు, ఇంటినుంచి తెచ్చిన శెనక్కాయల పొడి. ఆ రోజే ఊరినుంచి వచ్చి ఉంటే ఇంకొకటి కూడా ఉంటుంది. నేనైతే ఇలా రాస్తాను:

బస్సు దిగిన వెన్నెల సంచి భుజానికి మార్చుకుంది. రుద్ర ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. ‘నీ దగ్గర కంబళి వాసన వస్తాంది’ అన్నాడు. ‘మా నాయనది. రాత్రి చలిగా ఉంటే కప్పుకున్యా’ అంది వెన్నెల. అతను ఆ వాసనను ముందే ఎరుగుదునని చెప్పలేదు. రెండడుగులు వెనక్కి వేసి, వచ్చిన దారినే పోయాడు.

అతను దగ్గరికి రావడం కన్నా వెనక్కి పోవడం అమ్మాయి మనసులో ఎక్కువ పని చేస్తుంది, పాఠకుడి మనసులో కూడా. ఎందుకు పోయాడో వెన్నెలకు ఇరవై పేజీల తరువాత తెలియనీ.

మాటల విషయం రెండు ముక్కల్లో చెబుతాను. ప్యాక్‌ను ‘మంద’ అని రాశావు. మంద గొర్రెలది, తోడేళ్లది గుంపు. నాయకుడి జోడీకి లూనా, అతని తరువాతివాడికి బీటా అన్న పేర్లు తీసెయ్, ఆ గుంపులో అవ్వ ఉంటుంది, పెద్దనాయన ఉంటాడు, వాళ్లను అలాగే పిలువు. సంభాషణలు ఇప్పుడు టీవీ సీరియల్లా ఉన్నాయి. మీ హాస్టల్ పిల్లలు నవ్వుతూ అన్న ఒక్క వాక్యంలో ఉన్న ప్రాణం రుద్ర ఆరు అధ్యాయాల మాటల్లో లేదు. కథనం నీకు వచ్చిన తెలుగులో రాసుకో, వాళ్ల నోట మాత్రం మన యాస రానీ. తోడేలు అన్న మాటకు సిగ్గుపడి ‘వేర్‌వుల్ఫ్’ అని రాయకు. వ్యుత్పత్తి అని చెప్పడం లేదు గానీ, చెవికి ఆ మాటలో తోడూ వినబడుతుంది, ఏలుకోవడమూ వినబడుతుంది. ప్రేమకథ రాసేవాళ్లకు ఇంగ్లీషు ఆ అదృష్టం ఇవ్వలేదు. ఆఖరి అధ్యాయాల ప్రణాళికలో రెండు గుంపులు ఒకరినొకరు నరుక్కుంటాయని రాశావు. వద్దమ్మా. మన జిల్లాల మీద తీసిన సినిమాల్లో సుమోలు గాల్లోకి లేచి పేలడం, తొడలు కొట్టడం చూసి చూసి విసిగిపోయాం, తోడేళ్లనైనా ఫ్యాక్షన్ నుంచి తప్పించు.

అమ్మ బీరువా గురించి నేను అమ్మ వైపే ఉన్నాను, కానీ పూర్తిగా కాదు. పరీక్షలయ్యేదాకా అధ్యాయాలు రాయడం ఆపు. ఒక చిన్న పుస్తకం మాత్రం దగ్గర పెట్టుకుని, సెలవుకు ఊరికి పోయినప్పుడు గొర్రెలకాపరుల దగ్గర విన్న మాటలు, దొడ్డి ఎలా కడతారో, కాపలా వంతులు ఎలా వేసుకుంటారో, తోడేలు వచ్చిందని ముందు ఏది పసిగడుతుందో రాసుకో. దానికి రోజుకు పది నిమిషాలు చాలు; అలా అమ్మకు చెబితే ఆ పుస్తకానికి తాళం వేయదనే అనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో వారం వారం పెట్టాలన్న తొందర కూడా ఇప్పుడు వద్దు. సగం కథకు వచ్చే వ్యాఖ్యలు మిగతా సగాన్ని రాసేస్తాయి.

పరీక్షలు అయిన తరువాత మొదటి అధ్యాయాన్ని ముట్టుకోకు, అది బాగుంది, వెన్నెల నాన్న ఉద్యోగం ఒక్కటే మార్చు. రెండో అధ్యాయానికి ఆసుపత్రి వరుస చేర్చు. మూడో అధ్యాయం మంచుతో సహా తీసెయ్. ఐదో అధ్యాయంలో జింక బదులు గొర్రెపిల్లను పెట్టి మళ్లీ మొదటినుంచి రాయి. రుద్ర తెల్లవారి లేచి చూసుకునేటప్పుడు అతని గోళ్ల సందున ఇరుక్కున్న బొచ్చు ఏ రంగుదో చెప్పు, అది ఎవరి మందదో ఆ రంగును బట్టి వెన్నెల నాన్నకు ఇట్టే తెలుస్తుంది. ఆ అధ్యాయం రాయగానే పంపు, ఈసారి ఫోటోలు కాస్త వెలుతురులో తీయి.